శనివారం పెంకులు

శుక్రవారం సాయంత్రం, అందరూ వెళ్ళాక
నేను కుండలు పగలగొడతాను.
అటెండరు పనుల్లో ఇది ఎక్కడా రాసి లేదు గానీ
గేటు తాళం, మొక్కలకి నీళ్ళు, వరండాలో గబ్బిలాల రెట్ట,
ఆ తరవాత ఇది.

గోనెలో చుట్టి, లాకు బంగళా వెనక మెట్టు మీద
ఒక్కటే దెబ్బ.
గట్టిగా పడితే పిండి, మెత్తగా పడితే బీట.
పెంకులు మరీ చిన్నవైతే పిల్లలు విసుక్కుంటారు.
నాలుగేళ్ళకి చెయ్యి కుదిరింది.

తెల్లారి ఆత్రేయపురం వైపు నుంచి ఆటోల్లో దిగుతారు
జేబుల్లో నలిగిన బిస్కెట్లతో.
సుభాషిణి మేడం తలా ఓ పళ్ళెం ఇసక ఇచ్చి,
పళ్ళు తోముకునే బ్రష్షు ఇచ్చి,
"ఇప్పుడు మీరు తవ్వకాల వాళ్ళు" అంటారు.
నఫీసా ముందు మూతి వెతుక్కుంటుంది.
జోయెల్ మోచేతి దాకా జిగురు పూసుకుంటాడు.
"ఎన్నేళ్ళ నాటిదండీ ఇది?" అని లిఖిత అడిగితే
నేను కిటికీ తుడుస్తూ ఉంటాను.

మంగళవారం నాటిది, తల్లీ.
కాలవ అవతల సోమన్న దగ్గర కొన్నాను,
పది కుండలు, బేరమాడకుండా.
"వారం వారం ఇన్నెందుకమ్మా?" అన్నాడు మొదట్లో.
"పిల్లలొస్తారు కదండీ, మంచినీళ్ళకి" అన్నాను.
ఆ అబద్ధం విన్నప్పట్నుంచీ ఆయన
ఒక్కో కుండకీ అడుగు మందంగా చేస్తున్నాడు,
పిల్లల చేతులు కదా, జారతాయని.
ఈమధ్య రెండు దెబ్బలు పడుతున్నాయి.

మొన్న శనివారం ఒక కుండ నిలబడలేదు.
అన్నీ అతికాయి, అడుగు పెంకు లేదు.
ఇసక జల్లించాం, గోనె దులిపాం,
మేడం నా వైపు చూశారు.
బల్ల చివర కొత్తగా వచ్చిన తేజోరాం
పిడికిలి విప్పడం లేదు.

విప్పాక చూస్తే
పెంకు మీద బొటనవేలి గుంట.
గోరు పడని గుంట.
"ఆములోంచి దీన్ని తీసింది నేనేనండి" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
సోమన్న కుడి బొటనవేలికి గోరు లేదు.
చిల్లర లెక్కపెడుతుంటే చూశాను.

పెంకు బల్ల మీద పెట్టేసి
వాడు అద్దాల పెట్టె దగ్గరికి పోయాడు.
కాలవ పూడిక తీసినప్పుడు దొరికిన నల్ల పెంకులవి,
"కాలం తెలియదు" అని చీటీ.
ముక్కు అద్దానికి ఆనించి చాలాసేపు చూశాడు.
"ఈయనది ఎడంచేతి వాటమండి."
"ఎవరిది?"
"చేసినాయనది. సారె అటు తిప్పాడు.
గీతలు చూడండి, మా తాతవి ఇటు పడతాయి."

ఏడేళ్ళుగా ఆ అద్దం తుడుస్తున్నాను.
అందులో ఒకాయన ఉన్నాడని నాకు తెలీదు.

మేడం చీటీ తీసి పెన్సిల్‌తో రాశారు,
ఎడంచేతి వాటం, పక్కన ప్రశ్నార్థకం.
ఆ కొక్కెం గుర్తు తీసెయ్యమన్నాడు వాడు.
ఆవిడ తియ్యలేదు. వాడూ తగ్గలేదు.
ఈలోగా జోయెల్ వేళ్ళు రెండు అతుక్కుపోయి
వేణ్ణీళ్ళ కోసం గోల.

ఆటో ఎక్కబోతూ వాడు వెనక్కి వచ్చాడు.
"మంచినీళ్ళకని చెప్పారంట కదండీ మా తాతతో."
"అవును బాబూ."
చెప్పు మట్టిలో గీస్తూ కాస్త ఆలోచించి
"చెప్పన్లెండి" అన్నాడు.

మళ్ళీ మంగళవారం.
సంచీ పట్టుకుని కాలవ వంతెన మీద సగం దాకా వచ్చాను.
నీళ్ళు ఎర్రబడ్డాయి, పైన ఎక్కడో వానలు.
ఆములో బీటలు వారినవి, వంకర పోయినవి
ప్రతివారం ఓ గంపెడు పారబోస్తాడు.
అవి ఇమ్మని అడగొచ్చు.
అడగాలంటే ముందు ఇంకోటి చెప్పాలి.

అవతల సోమన్న
పది కుండలు వరసగా బోర్లించి
వేలి కణుపుతో ఒక్కోదాన్నే కొట్టి చూస్తున్నాడు.
మోగుతున్నాయి.
ఇక్కడిదాకా వినిపిస్తోంది.